చచ్చిపోయిన మరియమ్మ సాక్ష్యం

పోయిన వారం ఆటోలు ఆమదాలవలస స్టేషను దగ్గరకి వచ్చి ఆగాయి. మనమూ అక్కడే ఆగాం. దిగేముందు ఒక్కసారి ఎవరు ఎందుకొచ్చారో చూసుకుందాం.

కళింగపట్నం దగ్గర రేవుపేట. బాప్టిస్టు సంఘం పేట. అందులో వెంకటలక్ష్మి అనే ముసలావిడ. ఒంట్లో బలం ఉన్న రోజుల్లో వరినాట్ల ముఠాకి పెద్ద. ఆ ఊరి పెద్దరైతు జగన్నాధం కొడుకు మోహనకృష్ణ విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ ‘గట్టు కింద వెన్నెల’ అని నవల రాశాడు. దానికి బహుమతి కూడా వచ్చింది. అందులో మరియమ్మ అనే కూలిమనిషి భూస్వామి కాళ్ల మీద పడి ఏడుస్తుంది. చివరికి ఏట్లో శవమై తేలుతుంది. డిగ్రీ చదువుతున్న మనవరాలు షాలిని ఆ పుస్తకం బిగ్గరగా చదివి వినిపిస్తుంటే, సగంలోనే వెంకటలక్ష్మికి తెలిసిపోయింది ఆ మరియమ్మ ఎవరో.

ఆ నవల వచ్చే ఏడు డిగ్రీ పిల్లలకి పాఠం కాబోతోంది. అంటే షాలిని పరీక్ష హాల్లో కూచుని తన నానమ్మ ఎలా చచ్చిపోయిందో రాసి మార్కులు తెచ్చుకోవాలి. పాఠం ఇంకా అచ్చుకి పోలేదు. పోకముందే ఆ చావు తీయించాలి. అందుకే ముసలావిడ మనవరాలినీ, సంఘంలో ఆడవాళ్లనీ వెంటేసుకుని నవల మీద సభ జరిగే చోటుకి బయల్దేరింది.

ఇక దిగుదాం.

సభ ధాన్యం వర్తకుల కల్యాణమండపంలో. గోడ అవతలే మిల్లు కావడం వల్ల కుర్చీల మీద సన్నటి ఊక పొర. కొంగుతో దులుపుకుని కూచున్నారు ఆడవాళ్లు. ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీరలే కట్టుకుని వచ్చారు అందరూ. చివరి రెండు వరసలూ తెల్లగా నిండిపోయాయి. వెంకటలక్ష్మి పక్కన గున్నమ్మ. నాట్లలో కూడా ఎప్పుడూ పక్క సాలు ఆవిడదే. షాలినికి నోరు ఎండిపోతోంది. నవ్వూ వస్తోంది. రెండూ ఒకేసారి ఎలా వస్తున్నాయో ఆ పిల్లకే అర్థం కావడం లేదు.

వేదిక మీద నలుగురు. అధ్యక్షుడు రిటైరైన ప్రిన్సిపాలు. ఆయన పక్కన పాఠ్యపుస్తకాల కమిటీ మనిషి. తర్వాత పొందూరు ఖద్దరు లాల్చీలో మోహనకృష్ణ. చివర ప్రకాష్.

ప్రకాష్ విజయనగరంలో తెలుగు లెక్చరరు. షాలినికి తండ్రి. వెంకటలక్ష్మికి కొడుకు. ఈ నవల గురించి మాట్లాడ్డానికి అతన్ని పిలిచారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. తల్లిని గుమ్మంలో చూసి మంచినీళ్ల గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి తాగకుండానే కింద పెట్టేశాడు.

“మీ నాన్న కూడా ఉన్నాడేటే?” అంది వెంకటలక్ష్మి.

షాలిని తనకీ తెలీదంది.

“సర్లే. కొడుకున్న సభ, మరీ మంచిది.”

ముందు వరసలో చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని జగన్నాధం కూచున్నాడు. చెవులు బాగా మందగించాయి. కొడుక్కి సన్మానం అంటే వచ్చాడు. వచ్చినవాళ్లలో చాలామందికి నవలలో ఉన్న దుర్మార్గపు భూస్వామి ఈయనే అని తెలుసు. నమస్కారాలు పెడుతూనే ఓరగా చూస్తున్నారు.

ఉపన్యాసాలు సాగాయి. మరియమ్మ మన సాహిత్యంలో మాట లేని మనుషులకి మాట అని అధ్యక్షుడు అన్నాడు. ఆమె మూగకళ్లు తనని నెలరోజులు నిద్రపోనివ్వలేదని కమిటీ మనిషి అన్నాడు. గున్నమ్మ వంగి వెంకటలక్ష్మి కళ్లలోకి చూసి, మూగగా ఉన్నాయో లేదో పరీక్ష చేసి నవ్వింది. ప్రకాష్ లేచి నాలుగే మాటలు చెప్పి కూచున్నాడు. ఆ నాలుగూ కూడా బల్ల వైపు చూసి చెప్పాడు.

ఆఖరున అధ్యక్షుడు సభికుల్లో ఎవరైనా తమ స్పందన చెప్పుకోవచ్చన్నాడు. అది అందరూ అనే మాటే. ఎవరూ లేవరు. అప్పటికే వెనక తలుపు దగ్గర ఉప్మా పొట్లాలు పంచడానికి సిద్ధం చేస్తున్నారు.

రేవుపేట ఆడవాళ్లకి ఆ సంగతి తెలీదు. వాళ్ల గుడిలో పాస్టరు ఆ మాట అన్నాడంటే సాక్ష్యానికి పిలిచినట్టు. తన జీవితంలో జరిగింది చెప్పుకోవాలనుకున్నవాళ్లు లేచి ముందుకి వెళ్లాలి. చెప్పేవాళ్లని మధ్యలో ఎవరూ ఆపరు. ఆమెన్ అనే వరకూ గుడి వాళ్లదే. వినేవాళ్లు మాటమాటకీ స్తోత్రం అంటూ ఊతం ఇవ్వాలి. ఊరుకుంటే చెప్పే మనిషిని ఒంటరిగా వదిలేసినట్టు.

వెంకటలక్ష్మి లేచింది. నడవలోంచి తిన్నగా ముందుకి నడిచి మైకు ముందు నిలబడింది. ప్రకాష్ సగం లేచి చేత్తో వద్దని సైగ చేశాడు. ఆవిడ అటు చూడలేదు.

“అందరికీ వందనాలు. నా పేరు ఎంకటలచ్మి. మాది రేవుపేట. ఈ బుక్కులో మరియమ్మని నానే. నాను సచ్చిపోనేదు.”

“స్తోత్రం,” అన్నారు వెనక రెండు వరసలూ.

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కాలేజీ పిల్లలు కొందరు ఫోన్లు పైకెత్తారు. ఉప్మా పొట్లాలు పట్టుకున్నవాళ్లు తలుపు దగ్గరే నిలబడిపోయారు.

“కిరస్తానీ అని తెలవాలని మరియమ్మ అని పెట్టినారు గావాల. మా పేటలో అప్పలనర్సమ్మ ఉన్నాది, నారాయణమ్మ ఉన్నాది. మరియమ్మ ఒక్కర్తీ నేదు.”

“స్తోత్రం.”

“మూగకళ్లని రాసినారు. నా కళ్ల సంగతి నాకు తెల్దు. నా నోరు మూగది కాదని ఈ బాబు నాన్నగోరికి తెలుసు.”

ఈసారి హాలంతా నవ్వింది. జగన్నాధం పక్కనున్న మనిషి మోచెయ్యి పట్టుకుని ఏమందని అడిగాడు. ఆ మనిషి చెవిలో చెప్పాడు, ఆ తర్వాత మాటలూ చెబుతూనే ఉన్నాడు. ముసలాయన తల ఊపాడు.

అధ్యక్షుడు గడియారం చూపించి, సమయం మించిపోయిందనీ, మిగతాది రాసి ఇస్తే చదువుకుంటామనీ అన్నాడు. వెనకనుంచి గున్నమ్మ లేచి, ఆవిడింకా ఆమెన్ అనలేదు కదా, అప్పుడే ఎలా ఆపుతారని అడిగింది. నిజంగానే తెలియక అడిగింది. అధ్యక్షుడు చేతి గడియారం సర్దుకుని కూచున్నాడు.

వెంకటలక్ష్మి పుస్తకాన్ని తిట్టలేదు. పుస్తకం వింటూ తను కూడా ఏడ్చానని చెప్పింది. పాపం ఆ మరియమ్మ ఎవరో గాని ఎంత కష్టపడిందో అని మనవరాలు చదువుతుంటే ముక్కు చీదుకున్నానంది. ఏరు గురించి రాసిన చోట మళ్లీ చదివించుకున్నానంది. పొద్దున్నపూట వంశధార మీద మంచు లేచినట్టూ, పడవ అందులోంచి వచ్చినట్టూ అచ్చం అలాగే ఉందని మెచ్చుకుంది.

“ఏరు సూసి రాసినారు బాబూ. నన్ను సూడనేదు.”

ఆ తర్వాత జరిగింది చెప్పడం మొదలెట్టింది. చెబుతున్నకొద్దీ ఆవిడ నడుం తిన్నగా అయింది. గొంతు పైకి లేచింది.

రేవుపేట సమాధుల దొడ్డి జగన్నాధం పొలాలకి అవతల ఉంది. దొడ్డికి పోవాలంటే పొలం గట్టు మీద నుంచి పోవాలి. శవాన్ని ఆ గట్టు మీద మొయ్యనిచ్చేవాళ్లు కాదు. గెడ్డ వాగులో దిగి చుట్టూ తిరిగి పోవాలి. వానల్లో గెడ్డ నడుం లోతు. వెంకటలక్ష్మి అత్తగారు పోయినప్పుడు మోసేవాళ్ల కాళ్లు జారి పెట్టె నీళ్లలో పడింది. కొట్టుకుపోతుంటే ఈది పట్టుకున్నారు.

ఆ యేడు ఉభాలకి, వరినాట్ల అదనుకి, నారు తీశారు. కట్టలు పొలంలో పరిచారు. ఆడవాళ్లు చీరలు ఎగగట్టి బురదలో వరసగా నిలబడ్డారు. ముఠాలో ముందు వంగి మొదటి కుదురు నాటేది వెంకటలక్ష్మి. ఆవిడ వంగితేనే మిగతావాళ్లు వంగుతారు. ఆవిడ వంగలేదు. చేతిలో నారుకట్ట పట్టుకుని అలా నిలబడింది. ఎవరూ వంగలేదు. ఎండెక్కే దాకా నిలబడి పాటలు పాడుకుని ఇళ్లకి పోయారు. మర్నాడూ వచ్చారు, నిలబడ్డారు, పోయారు. తిట్టారు. బతిమాలారు. వేరే ఊళ్ల నుంచి ట్రాక్టరు మీద కూలీలని దింపారు. వాళ్లు సంగతేమిటని అడిగి, విని, గట్టున కూచుని చుట్టలు కాల్చుకున్నారు. నారు ముదిరిపోతోంది. పక్క పొలాలన్నీ పచ్చబడుతున్నాయి. జగన్నాధం పొలం ఒక్కటే బురదగా ఉంది.

ఆఖరికి గట్టు వెడల్పు చేసి, నలుగురు పెట్టె మోసుకుపోయే దారి వదిలారు. అప్పుడు వంగింది వెంకటలక్ష్మి.

“ఆ దారి ఇప్పటికీ ఉన్నాది. మా ఆయన్ని దాని మీంచే తీసుకుపోనాం. నన్ను కూడా దాని మీంచే తీసుకుపోతారు. ఏట్లో కాదు.”

“స్తోత్రం,” అన్నారు. ఈసారి కాలేజీ పిల్లలు కూడా అన్నారు. ఒకరిద్దరు ఆట పట్టించడానికే మొదలెట్టారు గాని, గొంతులు కలిసేసరికి అది ఆటలా లేదు. షాలిని లేచి నిలబడిపోయింది. తను నిలబడిందని తనకే తెలీదు. ఇంట్లో అంట్లు తోముకుంటూ, బడ్డీ దగ్గర బెల్లం బేరం చేస్తూ ఉండే మనిషి ఇలా మైకు ముందు నిలబడితే ఇంత ఎత్తు ఉంటుందని ఆ పిల్ల ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు జగన్నాధం కర్ర ఊతంతో లేచాడు. కొడుకు వేదిక మీద నుంచి, కూచోండి నాన్నా అన్నాడు. ముసలాయనకి అది వినబడలేదు, లేదా వినబడనట్టు ఊరుకున్నాడు.

“ఇది సెప్పింది నిజమే. నాను దాన్ని సంపనేదు. కాళ్ల మీద పడనూ నేదు ఇది. ఎవల కాళ్ల మీదా పడే మనిషి కాదు. ఆ దారి నానే ఇచ్చినాను.”

వెంకటలక్ష్మి ఆయన వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో.

“మీరు ఇయ్యనేదు బాబూ. మేం తీసుకున్నాం.”

హాలు ఊగిపోయింది. గున్నమ్మ కుర్చీ వెనక్కి పడింది. తెల్లచీరలన్నీ ఒక్కసారి లేచాయి. చప్పట్లు కొట్టేవాళ్లు కొడుతున్నారు, స్తోత్రం అనేవాళ్లు అంటున్నారు. జగన్నాధం ఆ గోల తగ్గే దాకా నిలబడి, చెయ్యి ఒకసారి గాల్లో ఊపి కూచున్నాడు. కాదనలేదు.

వెంకటలక్ష్మి కమిటీ మనిషి వైపు తిరిగి, అందుకే ఆ చావు తీసెయ్యమంది. తన మనవరాలు అది చదువుకోవాలనీ, లేనిది నేర్చుకోకూడదనీ చెప్పింది. కమిటీ మనిషి పాఠం అచ్చుకి పోడానికి ఇంకా వ్యవధి ఉందని ఒప్పుకున్నాడు. అయితే అక్షరం మార్చాలన్నా రచయిత ఒప్పుకోవాలన్నాడు. అందరి తలలూ మోహనకృష్ణ వైపు తిరిగాయి.

మోహనకృష్ణ చెడ్డవాడు కాదు. లేచి ముందు ఆవిడకి చేతులు జోడించాడు. తర్వాత తెలిసినవాడు చెప్పినట్టే చెప్పాడు. నవల వేరు, జీవితచరిత్ర వేరన్నాడు. మరియమ్మ వెంకటలక్ష్మి కాదు, అలాంటి ఎందరో కలిసిన మనిషి అన్నాడు. ఆమె చావు చదివి ఎన్ని ఊళ్ల నుంచి తనకి ఫోన్లు వచ్చాయో చెప్పాడు. ఆమె గెలిచి ఇంటికి పోయి అన్నం తిందని రాస్తే, అయ్యో అనేవాళ్లు ఎవరుంటారన్నాడు. ఆ చివరి పేజీలు తను ఏడుస్తూ రాశానని చెప్పేటప్పుడు అతని గొంతు నిజంగానే వణికింది.

“మీ ఏడుపు మీది బాబూ. సావు నాది గదా.”

మోహనకృష్ణ లాల్చీ చేతులు పైకి మడుచుకున్నాడు, మళ్లీ దించుకున్నాడు. ఏదో తేల్చుకోలేకపోతున్న మనిషిలా ఉన్నాడు. వేదిక చివర ప్రకాష్ కుర్చీ కిర్రుమంది.

“నేను మొదట రాసింది ఇదే,” అన్నాడు మోహనకృష్ణ. మైకు లేకుండా అన్నాడు గాని అందరికీ వినబడింది. “నారుకట్టలు పట్టుకుని వంగకుండా నిలబడ్డారు చూశారా, అక్కడే పుస్తకం ఆపాను. నేను చిన్నప్పుడు గట్టు మీద నుంచి చూసిందే అది. అచ్చుకి ఇచ్చేముందు ఒకరికి చదవమని ఇచ్చాను. ఆ ముగింపు మార్చమన్నారు. ఆమె ఏట్లో పోవాలన్నారు. పట్టుబట్టారు.”

“ఎవలు?” అంది వెంకటలక్ష్మి.

అతను చెప్పలేదు. కాని తల దానంతటదే పక్కకి తిరిగింది. ఆ చూపు వెళ్లిన వైపే హాలంతా చూసింది.

ప్రకాష్ అప్పటికే నిలబడి ఉన్నాడు.

వెంకటలక్ష్మి మైకు స్టాండు పట్టుకుంది. ఇంతసేపూ తిన్నగా ఉన్న మనిషి ఒక్క క్షణం దాని మీద ఆనుకుంది.

“నన్ను సంపమన్నది నువ్వేట్రా?”

ప్రకాష్ వేదిక దిగి వచ్చాడు. తల్లికి ఎదురుగా రెండడుగుల దూరంలో ఆగాడు. అతను సభల్లో మాట్లాడితే ఎక్కడివాడో ఎవరూ పోల్చుకోలేరు. పేట మాట ఎప్పుడో వదిలేశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే అదే వచ్చింది.

“నిన్ను కాదమ్మా. నీకేటి, నువ్వు గెలిసినావు. ఊరంతటికీ తెలుసు, ఎవలూ మరిసిపోరు. బుక్కులో ఏట్లో పోనాది నువ్వు కాదు.”

“మరెవలు?”

ప్రకాష్ మోహనకృష్ణ వైపు చూశాడు. మోహనకృష్ణ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

“లచ్మణమ్మ పిన్ని. దాని సావు ఎవలికీ తెల్దు, అందుకే బుక్కులో ఉండాలన్నాను. నువ్వు పొలంలో నిలబడ్డ ఉభాలప్పుడే. ఈడూ నానూ అప్పటికి సిన్న గుంటలం. రేవులో దాక్కుని ఉన్నాం. ఇద్దరం సూసినాం అమ్మా.”

లక్ష్మణమ్మ గున్నమ్మకి సొంత చెల్లెలు. ఆ యేడు ఇటుకబట్టీల పనికి మేస్త్రీ వెంట రాయపూర్ పోయిందని పేటంతా అనుకుంది, ఇప్పటికీ అనుకుంటోంది. ఎక్కడున్నా సుఖంగా ఉండాలని ప్రతి క్రిస్మస్ కూటంలోనూ గున్నమ్మ ఆ చెల్లెలి పేరు మీద ప్రార్థన పెట్టిస్తుంది.

వెనక రెండు వరసల్లోంచి చిన్న చప్పుడు కూడా లేదు. షాలిని తిరిగి చూసింది. గున్నమ్మ పడిపోయిన తన కుర్చీని నెమ్మదిగా ఎత్తి నిలబెట్టింది. అందులో కూచోలేదు. నడవలోకి వచ్చి ప్రకాష్ వైపు నడవసాగింది. దారిలో ఉన్నవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు.

ముందు వరసలో జగన్నాధం కర్ర నేలకేసి తట్టి పక్కనున్న మనిషిని అడిగాడు.

“ఏటన్నాడ్రా ఆడు? ఎవల పేరు సెప్పినాడు?”

ఆ మనిషి చెవి దగ్గరకి వంగాడు గాని, పేరు మాత్రం చెప్పలేదు.